కర్రపెండలం వెంట రియో నెగ్రో దాకా: యూరప్–బ్రెజిల్ చదువుల్లో ప్రకృతి, సంస్కృతి బంధాన్ని పరిశోధించడం ఎలా?

సగ్గుబియ్యం పాయసం ఎరగని తెలుగిల్లు ఉండదు. ఆ తెల్లటి గింజలు ఏ చెట్టుకూ కాయవు. పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లో కర్రపెండలం దుంప పిండితో వాటిని తయారుచేస్తారు. ఆ దుంప పుట్టిల్లు దక్షిణ అమెరికా. అమెజాన్ దక్షిణపు అంచుల్లో వేల ఏళ్ల కిందట అక్కడి ఆదివాసులు ఒక అడవి మొక్కను పంటగా మలిచారు. పోర్చుగీసు ఓడలు దాన్ని సముద్రాలు దాటించాయి. ఇవాళ్టికీ బ్రెజిల్ వాయవ్య మూలన, రియో నెగ్రో నది ఒడ్డున, ఆదివాసీ మహిళలు వందకు పైగా కర్రపెండలం రకాలను పేరుపేరునా గుర్తుపట్టి పెంచుతున్నారు.

ఒక దుంపకు అన్ని రకాలు ఎందుకు? ఈ ప్రశ్నకు వృక్షశాస్త్రం ఒక్కటే జవాబు చెప్పలేదు, మానవశాస్త్రం ఒక్కటే కూడా చెప్పలేదు. ప్రకృతి ఎక్కడ ఆగిందో, సంస్కృతి ఎక్కడ మొదలైందో విడదీయలేని ఇలాంటి విషయాలను యూరప్, బ్రెజిల్ పరిశోధకులు చాలాకాలంగా కలిసి చదువుతున్నారు. బోటనీ, ఆంత్రోపాలజీ, జాగ్రఫీ, అగ్రికల్చర్ లాంటివి చదివి ఆ దారిలో వెళ్లాలనుకునే తెలుగు విద్యార్థుల కోసం ఇది రాస్తున్నాను.

మొదటి పని: ఒక్క మొక్కనో, ఒక్క చోటునో పట్టుకోండి

"అమెజాన్‌లో ప్రకృతికీ సంస్కృతికీ ఉన్న సంబంధం" అని దరఖాస్తులో రాస్తే ఏ ప్రొఫెసరూ రెండో పేరా చదవరు. ఒక మొక్క, ఒక జంతువు, ఒక జలపాతం, ఒక వంట పాత్ర, ఏదైనా సరే, చేత్తో చూపించగలిగేది ఒకటి ఎంచుకోండి.

రియో నెగ్రో ఎగువన ఉన్న ఇయావరెతే జలపాతాన్నే చూడండి. ఉవాపెస్, పపురీ నదుల ఒడ్డున ఉండే ఆదివాసీ ప్రజలకు అక్కడి బండల్లో తమ పుట్టుక కథలు కనిపిస్తాయి. బ్రెజిల్ జాతీయ వారసత్వ సంస్థ ఇఫాన్ 2006లో ఆ జలపాతాన్ని సాంస్కృతిక వారసత్వంగా నమోదు చేసింది. నీళ్లూ రాళ్లూ ఉన్న ఒక చోటును గుడిని గుర్తించినట్టు గుర్తించడం మామూలు విషయం కాదు.

మనకు ఇంకా దగ్గరిది కావాలంటే ఒంగోలు ఎద్దు ఉంది. బ్రెజిల్‌లో దాని పేరు నెలోర్, అంటే మన నెల్లూరే. 1878లో రియో ప్రాంతపు పశుపోషకుడొకరు జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాల నుంచి ఒక జతను కొన్నట్టు ఆ జాతి చరిత్రలో ఉంది. 1960ల మొదట్లో ఇక్కడి నుంచి ఇంకొన్ని మేలుజాతి పశువులు వెళ్లాయి. ఇప్పుడు అక్కడి మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం ఆ సంతతే. అమెజాన్ అడవి నరికిన నేలలో అత్యధిక భాగం పశువుల మేతబీడుగా మారింది. మన నేల మీద రైతు ఇంటి గౌరవంగా పెరిగిన జీవి ఇంకో నేల మీద అడవి తరుగుదలతో ముడిపడింది. ఈ కథలో యూరప్, బ్రెజిల్, ఆంధ్ర మూడూ ఉన్నాయి. తెలుగు విద్యార్థి ఎవరైనా దీన్ని తీసుకుంటే నాకు చాలా సంతోషం.

ఇక్కడ మాత్రం కర్రపెండలాన్నే ఉదాహరణగా పెట్టుకుని ముందుకు వెళ్తాను. మీ ప్రశ్న ఒక్క వాక్యంలో ఒదగాలి. "రియో నెగ్రో ఒడ్డున శాంటా ఇజబెల్‌లో కొత్త కోడలు తన పోడులోకి కర్రపెండలం రకాలను ఎవరి దగ్గర నుంచి తెచ్చుకుంటుంది?" అన్నంత చిన్నగా ఉంటే చాలు. ప్రశ్న చిన్నదైతేనే లోతుకు దిగగలరు.

రెండో పని: మీకు ముందు వెళ్లినవాళ్లు ఏం చేశారో తెలుసుకోండి

ఈ చరిత్రలో బాధ పెట్టేవీ ఉన్నాయి, ఆదర్శంగా తీసుకోదగినవీ ఉన్నాయి. రెండూ తెలియకుండా విమానం ఎక్కకండి.

జర్మనీలోని బవేరియా శాస్త్రవేత్తలు స్పిక్స్, మార్షియస్ 1817 నుంచి 1820 దాకా బ్రెజిల్ అంతా తిరిగారు. మార్షియస్ మొదలుపెట్టిన బ్రెజిల్ వృక్షాల సంపుటాలు 1840 నుంచి 1906 దాకా వెలువడ్డాయి, వాటిలో 22 వేలకు పైగా జాతుల వర్ణన ఉంది. గొప్ప పని, కాదనను. కానీ వాళ్లు తమతో మ్యూనిక్ తీసుకెళ్లిన ఇద్దరు ఆదివాసీ పిల్లలు కొద్ది కాలానికే అక్కడ చనిపోయారు. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లిష్ వ్యక్తి దాదాపు 70,000 రబ్బరు గింజలను లండన్ క్యూ గార్డెన్స్‌కు చేర్చాడు. వాటి మొలకలు సిలోన్‌కూ మలయాకూ వెళ్లి తోటలయ్యాయి. ఆ తోటల రబ్బరు మార్కెట్లోకి వచ్చాక 1910ల్లో అమెజాన్ రబ్బరు వ్యాపారం కుప్పకూలింది. విదేశీ పరిశోధకుడు ఆకు తెంపినా అక్కడివాళ్లు ఎందుకు అనుమానంగా చూస్తారో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఇక రెండోవైపు. 1934లో సావో పాలో విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు ఫ్రాన్స్ నుంచి యువ అధ్యాపకులు పాఠాలు చెప్పడానికి వచ్చారు. వాళ్లలో ఒకరైన క్లోద్ లెవీ-స్ట్రాస్ బొరోరో, నంబిక్వారా ప్రజల మధ్య తిరిగి నేర్చుకున్నది తర్వాతి రోజుల్లో యూరప్ మానవశాస్త్రం తీరునే మార్చింది. పాఠం చెప్పడానికి వచ్చి పాఠం నేర్చుకుని వెళ్లాడన్న మాట. "ప్రకృతి ఒకవైపు, సంస్కృతి ఒకవైపు" అన్న విభజన యూరప్ అలవాటే తప్ప మనుషులందరి ఆలోచన కాదని ఫ్రాన్స్‌లో ఫిలిప్ దెస్కోలా, బ్రెజిల్‌లో ఎద్వార్దో వివేరోస్ జి కాస్త్రో వాదించారు. ఈ మాట మనకు అంత కొత్తగా అనిపించదు. మన ఏజెన్సీలో కొత్తల పండుగ చెయ్యనిదే కొత్త పంట నోట పెట్టరు కదా.

నేను మీకు ముఖ్యంగా చూపించాలనుకునేవి రెండు. ఫ్రాన్స్ అభివృద్ధి పరిశోధన సంస్థ ఐఆర్‌డీకి చెందిన వృక్షశాస్త్రవేత్త లోర్ ఎంపెరేర్, బ్రెజిల్ కంపీనాస్ విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి రియో నెగ్రో పంటల వైవిధ్యం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ పనిలో స్థానిక ఆదివాసీ సంఘాలు భాగస్వాములు. వాటిలో ఒక సంఘం అడిగితే 2010లో ఇఫాన్ "రియో నెగ్రో సంప్రదాయ వ్యవసాయ వ్యవస్థ"ను జాతీయ వారసత్వంగా నమోదు చేసింది. పరిశోధన చివరికి ఊరివాళ్ల చేతిలో ఒక గుర్తింపు పత్రంగా మారింది.

రెండోది: కరోలినా లెవిస్ అనే బ్రెజిల్ విద్యార్థిని అమెజాన్ నగరం మనౌస్‌లోని ఇంపా పరిశోధన సంస్థ, నెదర్లాండ్స్‌లోని వాగెనింగన్ విశ్వవిద్యాలయం రెండింటి కిందా పీహెచ్‌డీ చేసింది. 2017లో ఆమె బృందం అమెజాన్ అంతటా ఉన్న వెయ్యికి పైగా అడవి ప్లాట్ల (చెట్లను లెక్కపెట్టిన నేల ముక్కల) లెక్కలను పురావస్తు స్థలాల మ్యాపుతో పోల్చింది. మనుషులు సాగులోకి తెచ్చిన 85 వృక్ష జాతులు పాత జనావాసాల దగ్గర ఎక్కువగా ఉన్నాయని తేలింది. ఎవరూ చెయ్యి పెట్టని కన్నె అడవి అనుకున్నది చాలా చోట్ల పాత తోటే. యూరప్, బ్రెజిల్ వాళ్ల డేటా, నేల పరిచయం కలిశాయి కాబట్టి ఈ లెక్క తేలింది.

ఇంట్లో కూర్చునే చదవడానికి ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి. సైయెలో సైట్‌లో బ్రెజిల్ పత్రికల వ్యాసాలు, బీడీటీడీలో అక్కడి థీసిస్‌లు, రియో బొటానికల్ గార్డెన్ నడిపే రెఫ్లోరా వర్చువల్ హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల ఆన్‌లైన్ భాండారంలో) క్యూ, పారిస్‌లలో దాచిన బ్రెజిల్ మొక్కల ఫొటోలు ఉంటాయి. కనీసం 10 థీసిస్‌ల చివరి అధ్యాయాలు చదవండి. ఏం మిగిలిపోయిందో ఆ విద్యార్థులే అక్కడ రాసి ఉంటారు.

మూడో పని: పోర్చుగీసు

దీన్ని తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. ఇంగ్లిష్‌తో యూరప్‌లో పీజీ పూర్తి చేయవచ్చు, కానీ రియో నెగ్రో పడవలో పక్కనున్న పెద్దావిడతో మాట్లాడలేరు. వెళ్లడానికి ఏడాది ముందే మొదలుపెట్టి రోజూ అరగంట బ్రెజిల్ రేడియో వినండి. బ్రెజిల్ ప్రభుత్వం గుర్తించే పోర్చుగీసు పరీక్ష పేరు సెల్పే-బ్రాస్. చాలా ప్రోగ్రాములు ఆ సర్టిఫికెట్ అడుగుతాయి.

పోర్చుగీసుతోనే అయిపోదు. రియో నెగ్రో ఒడ్డున శాన్ గాబ్రియెల్ ద కషుయెయిర అనే పట్టణంలో 2002 నుంచి న్యెంగాతు, తుకానో, బనీవా భాషలు కూడా అధికార భాషలు. కనీసం పలకరింపులు, మొక్కల పేర్లు స్థానిక భాషలో నేర్చుకోండి. మీరు చదవబోయే విషయమంతా ఆ పేర్లలోనే ఉంటుంది. కర్రపెండలం పిండికి వాడే టపియోకా అన్న మాట కూడా తూపి భాష నుంచే లోకమంతా పాకింది.

నాలుగో పని: దారి, డబ్బు

మూడు దారులున్నాయి. మొదటిది యూరప్‌లో పీజీ చేస్తూ ఫీల్డ్ వర్క్‌కు బ్రెజిల్ వెళ్లడం. యూరోపియన్ యూనియన్ నడిపే ఎరాస్మస్ ముండుస్ జాయింట్ మాస్టర్స్‌లో కనీసం రెండు దేశాల్లో చదువుతారు. స్కాలర్‌షిప్ వస్తే నెలకు 1,400 యూరోల చొప్పున 24 నెలల దాకా ఇస్తారు. దరఖాస్తులు ఎక్కువగా అక్టోబర్ నుంచి జనవరి మధ్య తీసుకుంటారు. ప్రోగ్రాం పేరు చూసి మురిసిపోకుండా భాగస్వాముల జాబితాలో బ్రెజిల్ విశ్వవిద్యాలయం ఉందో లేదో చూడండి.

రెండోది బ్రెజిల్‌లోనే పీహెచ్‌డీలో చేరి మధ్యలో కొన్ని నెలలు యూరప్ వెళ్లడం. అక్కడ దీన్ని "శాండ్‌విచ్ డాక్టరేట్" అనే పిలుస్తారు. మనవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది: బ్రెజిల్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో పీజీకి, పీహెచ్‌డీకి ట్యూషన్ ఫీజు లేదు, విదేశీయులకు కూడా. నెలసరి భత్యం మాత్రం ప్రవేశంలో వచ్చిన ర్యాంకును బట్టి దొరుకుతుంది. ఫ్రాన్స్‌తో కాపెస్-కోఫెకూబ్ ఒప్పందం 1978 నుంచి, జర్మనీతో ప్రోబ్రాల్ 1994 నుంచి నడుస్తున్నాయి. వీటికి విద్యార్థులు నేరుగా దరఖాస్తు పెట్టలేరు. రెండు దేశాల ప్రొఫెసర్ల బృందాలు ప్రాజెక్టు తెచ్చుకుంటే, ఆ బృందంలోని విద్యార్థులకు ప్రయాణాలు దొరుకుతాయి. అందుకే మీరు వెతకాల్సింది అలాంటి ప్రాజెక్టు చేతిలో ఉన్న ప్రొఫెసర్‌ని.

మూడోది కొటుటెల్: ఒక థీసిస్, ఇద్దరు గైడ్‌లు, రెండు విశ్వవిద్యాలయాలు. లెవిస్ నడిచింది ఇలాంటి దారిలోనే. కాగితాల పని ఎక్కువే, అయినా ఈ సబ్జెక్టుకు నా ఓటు దీనికే. ఇద్దరు గైడ్‌లలో ఒకరు అమెజాన్ నగరాలైన మనౌస్‌లోనో బెలెంలోనో ఉంటే మీ ప్రశ్న నేల విడిచి పోదు. మనౌస్‌లో 1952లో పెట్టిన ఇంపా, బెలెంలో 1866 నుంచి ఉన్న గోయెల్డి మ్యూజియం వెతకడం మొదలుపెట్టడానికి మంచి చోట్లు.

ప్రొఫెసర్‌కు రాసే మెయిల్ ఒక పేజీ దాటకూడదు. మీ ఒక్క వాక్యపు ప్రశ్న, వారి వ్యాసంలో దానికి దగ్గరగా ఉన్న చోటు, మీకు వచ్చిన పని, ఇవి చాలు. పనంటే హెర్బేరియం షీట్ తయారుచేయడం, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని), ఊళ్లో సర్వే లాంటివి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పోడు రైతులతో నెలరోజులు తిరిగి ఉంటే తప్పక రాయండి. రియో నెగ్రోలో "రోసా" అనేది కూడా అడవిలో చిన్న ముక్క నరికి, కాల్చి, కొన్నేళ్లు పండించి వదిలేసే పొలమే. పోడు తెలిసినవాడు దాన్ని చూసి "అడవి నాశనం" అని కంగారు పడడు.

ఐదో పని: అనుమతులు

అందరికీ టెన్షన్ పెట్టేది ఇదే. ఏడాది ముందు మొదలుపెడితే టెన్షన్ ఉండదు.

అన్నిటికన్నా ముందు ఊరి సమ్మతి. రియో నెగ్రోలో ఆదివాసీ సంఘాల సమాఖ్య ఫోయిర్న్ 1987 నుంచి పనిచేస్తోంది. మీ బ్రెజిల్ గైడ్ ద్వారా వాళ్లతో మాట్లాడి, మీ ప్రశ్న వాళ్లకు పనికొస్తుందో లేదో అడగండి. వద్దంటే వద్దు. బయటివాళ్లు తమను ఎలా సంప్రదించాలో కొన్ని ఆదివాసీ సమాజాలు స్వయంగా రాసి పెట్టుకున్నాయి. అమపా రాష్ట్రపు వాజాంపి ప్రజలు 2014లోనే ఆ పని చేశారు. మీరు వెళ్లే చోట అలాంటి పత్రం ఉంటే ముందు అది చదవండి.

ఆదివాసీ భూమిలో అడుగుపెట్టడానికి ఆదివాసీ వ్యవహారాల ప్రభుత్వ సంస్థ ఫునాయ్ అనుమతి వేరే కావాలి. మనుషులతో చేసే పరిశోధన కాబట్టి విశ్వవిద్యాలయ నైతిక కమిటీ ఆమోదం కావాలి, ఆ దరఖాస్తు ప్లతఫోర్మ బ్రజిల్ అనే సైట్‌లో పెట్టాలి. విదేశీయులు డేటా గానీ నమూనాలు గానీ సేకరించాలంటే 1990 నాటి డిక్రీ ప్రకారం బ్రెజిల్ శాస్త్రసాంకేతిక శాఖ అనుమతి, బాధ్యత తీసుకునే బ్రెజిల్ సంస్థ తప్పనిసరి.

2015 నాటి 13.123 చట్టాన్ని మాత్రం గైడ్‌తో కూర్చుని చదవండి. దాని ప్రకారం విదేశీ వ్యక్తి సొంతంగా అక్కడి జీవవనరుల మీద గానీ, వాటికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద గానీ పరిశోధన చేయకూడదు. బ్రెజిల్ సంస్థతో కలిసే చేయాలి. నమూనాను దేశం దాటించే ముందు, ఫలితాలను ప్రచురించే ముందు ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టర్ సిస్‌జెన్‌లో నమోదు చేయాలి. ఫలానా ప్రజలది అని తెలిసిన జ్ఞానమైతే వాళ్ల ముందస్తు సమ్మతి కావాలి. నమోదు లేకుండా ఒక్క కర్రపెండలం కొమ్మ ముక్కను బ్యాగులో పెట్టుకుని పారిస్ వెళ్లినా చట్ట ఉల్లంఘనే. ఆ కొమ్మకు విక్‌హామ్ గింజల జ్ఞాపకం ఉంది కాబట్టే చట్టం అంత కఠినంగా ఉంది.

ఇక చిన్నవి. చదువుకు వెళ్లేవారిది వైటెమ్-4 వీసా. బ్రెజిల్ చేరాక 90 రోజుల్లో ఫెడరల్ పోలీసుల దగ్గర నమోదు చేసుకోవాలి. సీపీఎఫ్ అనే పన్ను గుర్తింపు నంబరు లేకపోతే సిమ్ కార్డు దగ్గరే ఆగిపోతారు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ కార్డు లేకుండా బ్రెజిల్ నుంచి ఇండియాకు తిరిగొస్తే క్వారంటైన్‌లో ఉంచుతారు. రియో నెగ్రోలో మలేరియా ఉంది, దోమతెర మరవకండి.

ఆరో పని: పొలంలో నేర్చుకోవడం

మనౌస్ నుంచి పడవ మీద రోజుల ప్రయాణం. నది నీళ్లు చిక్కటి టీ డికాషన్ రంగులో ఉంటాయి. ఆకులు కుళ్లిన ఆమ్లాల వల్ల వచ్చే రంగు అది. ఒడ్డు నేలలో సారం తక్కువ. అలాంటి నేలలో నిలిచే పంట చేదు కర్రపెండలం. దానిలో సైనైడ్ విడుదల చేసే పదార్థాలుంటాయి, పచ్చిగా తింటే ప్రాణం మీదికి వస్తుంది. ఆడవాళ్లు దుంపను నానబెట్టో తురిమో, "తిపితీ" అనే పొడవాటి అల్లిక గొట్టంలో కూరి, లాగి రసం పిండుతారు. పిండిని పెద్ద పెనం మీద వేయించి "ఫరీన్యా" చేస్తారు. రసాన్ని చాలాసేపు మరిగించి విషం పోగొట్టి "తుకుపి" అనే పులుసుగా వాడతారు.

మొదటి రెండు వారాలు ప్రశ్నలు అడగకండి. బుట్ట మోయండి, దుంపల తొక్క తీయండి. పనిలో చెయ్యి కలిపినవాళ్లతోనే మాట కలుస్తుంది.

తర్వాత నోట్‌బుక్ తీయండి. ఒక పొలం ఎంచుకుని దాని యజమానురాలితో కలిసి ప్రతి రకం దగ్గరా ఆగండి. పేరేమిటి? ఎవరిచ్చారు? ఎప్పుడు? దేనికి వాడతారు? ఇవి నాలుగు గడులుగా గీసుకోండి. పొలం బొమ్మ గీసి ఎక్కడ ఏ రకం ఉందో గుర్తుపెట్టండి. "ఎవరిచ్చారు" అన్న గడి నిండుతుంటే అసలు విషయం బయటపడుతుంది. అమ్మ, అత్త, మేనత్త, తోడికోడలు. నది ఎగువన తుకానో భాషా కుటుంబానికి చెందిన ప్రజల్లో వేరే భాషా సమూహంలోని వాళ్లను పెళ్లి చేసుకోవడం ఆచారం. పెళ్లయ్యాక అమ్మాయి భర్త ఊరికి వెళ్తుంది. ఆమెతో పాటు "మనివా", అంటే నాటడానికి నరికిన కొమ్మల కట్ట, వెళ్తుంది. అత్త ఇంకొన్ని ఇస్తుంది. మన పుట్టింటి సారె లాంటిదే, కాకపోతే ఇక్కడ సారె నేలలో నాటుకుని పెరుగుతుంది.

ఇంకో సంగతి గమనించండి. కర్రపెండలం కొమ్మ నాటితే తల్లి మొక్క లాంటిదే వస్తుంది. కొత్తది రాదు. కానీ కాల్చిన పొలంలో పాత విత్తనాలు వాటంతట అవే మొలుస్తాయి. కలుపు తీసేటప్పుడు కొందరు ఆ మొలకలను పీకరు. దుంప చూసి, రుచి చూసి, నచ్చితే పేరు పెట్టి కొమ్మలు పంచుతారు. కొత్త రకం అలా పుడుతుంది. మొలకెత్తించింది ప్రకృతి, పీకకుండా వదిలింది ఒక మహిళ. ఆ క్షణం మీ నోట్‌బుక్‌లోకి రావాలంటే మీరు కలుపు తీసే రోజున పొలంలో ఉండాలి.

రకాలు లెక్కపెట్టి వచ్చేస్తే విత్తన జాబితా మిగులుతుంది, కథలు రాసుకుని వచ్చేస్తే కథల పుస్తకం మిగులుతుంది. పెళ్లి సంబంధాల బొమ్మనూ పొలం బొమ్మనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. మీరు అంతదూరం వెళ్లింది అందుకు.

అడగకూడనివీ ఉన్నాయి. అక్కడి పవిత్ర వేణువులను ఆడవాళ్లు చూడకూడదన్నది కట్టుబాటు. ఎవరో దయతలచి మీకు వినిపించినా రికార్డు చేసి సెమినార్‌లో ప్లే చేయకండి. ప్రతి ఫొటోకూ అనుమతి అడగండి. మందు మొక్కల గురించి ఎవరైనా చెప్పడం మొదలుపెడితే, ఇది మీ సమ్మతి పత్రంలో ఉందా అని మీరే ఆగి అడగండి.

ఏడో పని: తిరిగి ఇవ్వడం

దీన్ని బడ్జెట్‌లో మొదటి రోజే రాయండి. థీసిస్ అయ్యాక చూద్దాం అంటే డబ్బూ ఉండదు, సమయమూ ఉండదు. బ్రెజిల్‌కు రెండో ప్రయాణపు టికెట్, అచ్చు ఖర్చు, పడవ డీజిల్ ఖర్చు విడిగా పెట్టమని ఇద్దరు గైడ్‌లనూ అడగండి.

2024లో డెన్మార్క్ జాతీయ మ్యూజియం ఎర్ర కొంగ ఈకలతో చేసిన తుపినంబా వస్త్రాన్ని రియోలోని జాతీయ మ్యూజియంకు ఇచ్చేసింది. మూడు శతాబ్దాలకు పైగా అది యూరప్‌లోనే ఉంది. మీ డేటాను అన్నేళ్లు ఆగనివ్వకండి. రికార్డింగులు, ఫొటోలు, పొలాల బొమ్మల మొదటి కాపీ యూరప్ సర్వర్‌కు వెళ్లకముందే స్థానిక సంఘం చేతిలో పెట్టండి. రకాల జాబితాను న్యెంగాతులో, పోర్చుగీసులో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి. ప్రతి రకం పక్కన దాన్ని చూపించిన మహిళ పేరు ఉండాలా వద్దా అన్నది ఆమెనే అడిగి, ఆమె చెప్పినట్టే రాయండి. వ్యాసంలో సహరచయితగా ఎవరి పేర్లు వేయాలో కూడా అప్పుడే మాట్లాడండి. యానోమామి ఆదివాసుల షామన్ (మంత్రవైద్యుడు) దావి కోపెనావా, ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త బ్రూస్ ఆల్బెర్ట్ కలిసి రాసిన పుస్తకం 2010లో వచ్చినప్పుడు అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

అచ్చయిన జాబితాలు పట్టుకుని రెండోసారి వెళ్లినప్పుడు పొలాలకు కూడా వెళ్లండి. మీరు రాసుకున్న రకాల్లో ఏవి మిగిలాయో, ఏ కొత్త మొలకకు పేరు పెట్టారో అడిగి, జాబితా చివర వదిలిన ఖాళీ గీతల్లో వాళ్ల చేతే రాయించండి.